పదో వేలు

అన్యాయం ఎవరికి జరిగింది? మా నాయనమ్మకు. ఎలా జరిగింది? ఇదే హాల్లో, పింఛన్లు ఇచ్చే రోజున, వరసలో నిలబడిన వాళ్ళందరూ వింటూ ఉండగా, ఆ మూల కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా ఒక కాగితం ఎత్తి పట్టుకుని, ఈమె భర్త బతికుండగానే తన జీవితకాలపు పింఛను మొత్తాన్నీ ఒక్కసారిగా తీసేసుకున్నాడనీ, ఇక తనకుగాని తన కుటుంబానికిగాని ఏ హక్కూ లేదని వేలిముద్ర వేసి ఇచ్చాడనీ, ఆ సంగతి దాచిపెట్టి ఈమె మళ్ళీ చెయ్యి చాచిందనీ, ఈమె చెప్పేది అబద్ధమనీ పెద్ద గొంతుతో చదివాడు. ఆ కాగితం ఒక్కసారి చూడనివ్వమని ఆమె అడిగింది. చూపించలేదు. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాను, ఒక కుర్చీ ఇప్పించమని అడిగింది. అదీ ఇవ్వలేదు. అబద్ధాలాడే వాళ్ళకు కుర్చీలు వెయ్యరని ఎవరో అన్నారు, వరసలో నలుగురు నవ్వారు. ఆమె తన కూతురి చెయ్యి పట్టుకుని ఈ గడప దాటి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. జరిగింది ఇంతే. దీనికి ఒక్క మాట చేర్చను, ఒక్క మాట తగ్గించను. ఆ వాక్యాన్ని ఇదే హాల్లో, అంతే పెద్ద గొంతుతో, వరస అంతా వింటూ ఉండగా వెనక్కి తీసుకోవాలి. ఈ కార్యాలయం మా ఇంటికి పడిన బాకీ అది. దాన్ని వసూలు చేసుకోవడానికే ఇవాళ వచ్చాను. గుండె చిన్నపిల్లదానిలా గంతులు వేస్తోంది. అరవై దాటిన దాన్ని, కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

నేలమాళిగలోకి దిగిన అటెండరు ఇంకా పైకి రాలేదు. ఆనాడు గుమాస్తా ఎత్తి పట్టుకున్న ఆ రసీదు కిందే ఉందట, కట్టలు విప్పి వెతకాలట, గంట పడుతుందట. విచారణాధికారి మర్యాదస్తుడే, కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు మనిషి, మాకు రెండు కుర్చీలు వేయించి తన గదిలోకి వెళ్ళిపోయాడు, తలుపు ఓరగా ఉంచి. ఒక కుర్చీలో నేనున్నాను. రెండోది ఖాళీగా ఉంది. దాని పక్కన, గోడకు వీపు ఆనించకుండా, చేతికర్ర మీద రెండు చేతులూ వేసి మా మేనత్త నిలబడి ఉంది. నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఈ గడప దాటిన ఆ కూతురు ఈవిడే. తొంభై దగ్గర పడుతున్నాయి.

"కూర్చో అత్తయ్యా. గంట పడుతుందట."

"పట్టనీ."

"కాళ్ళు వాస్తాయి."

"నా కాళ్ళు, వాచనీ. మా అమ్మ నిలబడ్డచోట నేను కూర్చోను, ఆ కుర్చీ బంగారందైనా సరే. నువ్వు కూర్చో పిల్లా, నీకసలే మోకాళ్ళు పాడైపోయాయి."

పిల్లా అంటే నేనే. ఈ భూమ్మీద నన్ను పిల్లా అని పిలిచే హక్కు మిగిలిన మనిషి ఈవిడొక్కతే, ఈవిడ వెళ్ళిపోయిన రోజున నేను ఉన్నట్టుండి ముసలిదాన్నయిపోతాను, అందుకే ఇవాళే తేలాలి, ఇంకో వాయిదాకు ఆవిడ ఉంటుందో లేదో, ఆ కాగితం కింద దొరుకుతుందో లేదో, ఎలుకలు కొట్టేసి ఉంటే, తడిసి ముద్దయి ఉంటే. హాల్లో రబ్బరు ముద్రల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది, ముందు సిరాబిళ్ళ మీద మెత్తగా, తర్వాత కాగితం మీద గట్టిగా, మెత్తగా, గట్టిగా, నా గుండె కూడా ఆ తాళానికే కొట్టుకుంటోందేమో. జిగురు వాసన, పాత కాగితాల వాసన, తడి గొడుగుల వాసన. ఇవాళ కూడా పింఛన్ల రోజే. కావాలనే ఈ రోజు కోరుకున్నాను. వరస తలుపు దాకా ఉంది, ఊతకర్రల వాళ్ళు, బొత్తాలు మార్చి కుట్టిన పాత కోట్ల వాళ్ళు, భర్తల ఫోటోలు పర్సుల్లో పెట్టుకున్న ఆడవాళ్ళు. ఆ రోజున నవ్విన నలుగురూ ఇప్పుడు లేరు. కానీ వరస ఉంది. వరసకు చావు లేదు.

ఒడిలో సంచీ, సంచీలో తాతయ్య. ఆయన్ని నేను చూడలేదు, నేను పుట్టకముందే పోయాడు, కానీ ఈ రెండేళ్ళుగా ఆయన ఎత్తెంతో, గాలి పీల్చినప్పుడు ఛాతీ ఎంత విచ్చుకునేదో, ఏ ఏడాది ఏ జ్వరంతో ఎన్నాళ్ళు ఆసుపత్రిలో పడుకున్నాడో నాకు తెలిసినంతగా ఆయన్ని కన్నతల్లికైనా తెలిసి ఉండదు. సైన్యం రికార్డు ఆఫీసుకు మొదటి ఉత్తరం రాసినప్పుడు, ఆ పేరుతో ఆ నంబరు మనిషి మా దగ్గర లేడని ఒక్క ముక్కలో తేల్చేశారు. లేడంటే ఎలా లేడు, ఆకాశంలోంచి ఊడిపడ్డాడా? మళ్ళీ రాశాను, మళ్ళీ లేడన్నారు, మూడోసారి అరికాలి మంట నెత్తికెక్కి, వరసగా ఆ ఏళ్ళలో వంతెనలు కట్టే దళంలో చేరిన వాళ్ళందరి కాగితాల నకళ్ళూ పంపమని, ఖర్చు నేనే పెట్టుకుంటానని రాశాను. వచ్చాయి. అందులో దొరికాడు. బండ్లు తోలే దళంలో చేరినప్పుడు ఒక నంబరు, అక్కడినుంచి వంతెనల దళానికి పంపినప్పుడు ఇంకో నంబరు. ఒకే మనిషిని సైన్యం ఇద్దరిగా రాసుకుని, వీళ్ళలో ఒకడు ఏమయ్యాడో తెలియక, అసలు లేడనేసింది. ఇద్దరూ ఒకరేనని నాకు చెప్పింది పేరూ కాదు, ఎత్తూ కాదు, గుర్తింపు చిహ్నాలని ఉంటుందే, ఎవరూ చదవని ఆ చివరి గడి. రెండు కాగితాల మీదా, ఇద్దరు వేరువేరు గుమాస్తాల చేతిరాతలో, మెడమీద పుట్టుమచ్చ, కుడి మోచేతి కింద కాలిన మచ్చ, ఇంకా ఒకటి రెండు గుర్తులు, అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఆ రోజున ఇంట్లో ఒక్కదాన్నే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

గడులు చదవడం నాకు నేర్పింది కాన్వెంటులో లెక్కల సిస్టరు. తెల్లటి ముసుగు అంచున ఎప్పుడూ సుద్దపొడి, నవ్వడం ఆమెకు రాదని మా నమ్మకం. ఏ పట్టిక ఇచ్చినా ముందు ఖాళీ గడులు చదవండి అనేది, నిండిన గడులు అందరూ చదువుతారు, ఎవరో ఎప్పుడో వచ్చి వెతుకుతారనే గడి గీస్తారు, ఆ వచ్చేది నువ్వే కావచ్చు అనేది. తరగతిలో ఏదైనా తప్పు జరిగి ఎవరు చేశారో తేలకపోతే అందరినీ నిలబెట్టేది. ఒకసారి చిత్రపటం చిరిగింది. సాయంత్రం దాకా నిలబడ్డాం, చివరికి కిటికీ తలుపు గాలికి కొట్టుకుని చిరిగిందని తేలింది. అప్పుడు ఆమె ఏం చేసిందో మరిచిపోను. మమ్మల్ని కూర్చోమని, తను నిలబడింది. గంట కొట్టేదాకా, బల్ల పక్కన, చేతులు కట్టుకుని, మేము నిలబడినంతసేపూ. ఎవరూ అడగలేదు. మేము కూర్చుని, ఊపిరి బిగబట్టి ఆమెను చూశాం. న్యాయం అంటే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ త్రాసు గుర్తు రాదు, ఆ బల్ల పక్కన ఆ నిలబడటం గుర్తొస్తుంది. తర్వాత ఉద్యోగమంతా కోర్టులో స్టెనోగా చేశాను, జడ్జిలు చెబుతూ ఉంటే తీర్పులు రాశాను, కొన్ని మంచివి, కొన్ని పళ్ళు కొరుక్కుంటూ రాసినవి, కానీ తప్పు తీర్పు ఇచ్చిన వాళ్ళెవరూ లేచి నిలబడగా చూడలేదు.

"ఏమాలోచిస్తున్నావు పిల్లా, పెదాలు కదులుతున్నాయి."

"ఏం లేదు."

"చదువుకున్న వాళ్ళు ఏం లేదంటే చాలా ఉన్నట్టు. మంచినీళ్ళు తాగు."

ఆవిడకు దాహం వేస్తే నన్ను తాగమంటుంది. సీసా ఇచ్చాను. నిలబడే తాగింది. ఈవిడ జీవితమంతా ఒక్క మాటకు జవాబుగా గడిచింది. బడిలో అబద్ధాలావిడ కూతురన్నారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట తల్లీ కూతుళ్ళు ఇద్దరూ పని చేస్తుంటే, ఎప్పుడైనా ఒక దుప్పటి లెక్క తగ్గితే ముందు వీళ్ళ మొహాలే చూశారు. అందుకని ఈవిడ ఎవరికీ అవసరం లేనంత నిజం చెప్పడం మొదలుపెట్టింది. దుకాణంలో చిల్లర ఎక్కువిస్తే నాలుగు వీధులు నడిచి తిరిగిచ్చి, లెక్క రానివాడివి దుకాణం ఎందుకు పెట్టావని చీవాట్లు పెట్టి వచ్చేది. పెళ్ళికూతురు ఎలా ఉందని అడిగిన వాళ్ళకు ఎలా ఉందో చెప్పేసి, ఆ ఇంటికి మళ్ళీ పిలుపు లేకుండా చేసుకుంది. మా నాన్న నవ్వేవాడు, మా అక్క నోట్లో అబద్ధం వేస్తే ఉమ్మేస్తుందని. తను మాత్రం ఆ హాలు సంగతి ఎత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. మగవాళ్ళు అలా వెళ్ళిపోగలరు.

ఇక తాతయ్య చెయ్యి. దాని గురించి మా ఇంట్లో తెలియని వాళ్ళు లేరు. వంతెన కడుతుండగా ఇనుప గొలుసు జారి ఎడమచేతి బొటనవేలు మొదలంటా తెగిపోయింది. మెడికల్ బోర్డు కాగితం మీద మూడు పంక్తులు, అంతే, చివర డాక్టరు సంతకం, ఆ సంతకంలో కూడా తొందర. దానికే పింఛనిచ్చి ఇంటికి పంపారు. ఆ చేతుల మీదే పిల్లలకు అంకెలు నేర్పేవాడట, ఒక్కో వేలూ పట్టుకుని, ఒకటి, రెండు, తొమ్మిది దాకా వచ్చి ఆగేవాడు. పదోదేది నాన్నా అంటే, "పదోది ఇంకా డ్యూటీలోనే ఉందమ్మా, దానికి సెలవు దొరకలేదు" అనేవాడు. అత్తయ్య బడిలో తొమ్మిది దాకా చెప్పి ఆగిపోయిందట. పంతులమ్మ తర్వాతేమిటే అంటే డ్యూటీలో ఉందండీ అంది, గోడవైపు తిరిగి నిలబడింది. ఈ కథ వందసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ నవ్వాను, ఇప్పుడు కూడా ఒంటరిగా ఈ కుర్చీలో పెదాలు బిగబట్టి నవ్వుతున్నాను, వరసలో ఒకాయన వింతగా చూస్తున్నాడు, చూడనీ.

కానీ ఒక ముల్లు ఉంది. దాచను. నిజంగానే ఆయన ఆ డబ్బు తీసుకుని ఉంటే? చివరి ఏడాది మంచం దిగలేదంటారు. హాజరుకు రాలేదు గనుక పింఛను ఆగిపోయిందని, లేచి తిరిగాక ఇస్తారని అనుకున్నారంటారు. అప్పులేవో ఉండి, ఎవరి చేతనో ఇంటికి కాగితం తెప్పించుకుని, భార్యకు చెప్పలేక వేలిముద్ర వేసి ఉంటే? అప్పుడు ఆ గుమాస్తా చదివిన వాక్యంలో సగం నిజమవుతుంది, ఇంత తిరుగుడూ తిరిగి నాయనమ్మను రెండోసారి ఇదే హాల్లో నిలబెట్టినదాన్ని నేనవుతాను. అత్తయ్యతో ఒక్కసారే అన్నాను ఈ మాట. ఆవిడ "అయితే అయింది. నిజమైతే చదవమను, నిలబడి వింటాను. చూడకుండా మాత్రం చావను" అంది. ఆ కాగితం దేన్ని తెస్తుందో తెలియని ఈ గంట, ఎంత భయం ఉన్నా, అబ్బ, ఎంత బాగుంది, పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డట్టు, ఇంకా అతికించలేదు, అతికించే మనిషి నడవాలో కనిపిస్తున్నాడు.

నిజంగానే కనిపించాడు. అటెండరు, చొక్కా నిండా బూజు, చేతిలో తాడుతో కట్టిన కట్ట. "దొరికిందండోయ్" అన్నాడు, తన సొంత తాతే దొరికినట్టు. తుమ్మాడు. అధికారి మమ్మల్ని లోపలికి పిలిచాడు. తాడు ముడి ఊడదు, ఆయన గోరుతో గీకుతున్నాడు, కత్తెరతో కొయ్యండి అనబోయి ఆగాను, రికార్డు తాడు కోయకూడదు, ముడి విప్పాలి, నాకు తెలుసు, కానీ ఇంత నెమ్మదా, ఒక్కో కాగితం బోర్లా తిప్పి పెడుతున్నాడు, హాజరు పట్టీ, డిశ్చార్జి కాగితం, దరఖాస్తు, అది నాయనమ్మ దరఖాస్తు, ఎవరిచేతో రాయించింది, కింద ఆమె వేలిముద్ర, చిన్నది, పిల్ల వేలంత చిన్నది, దాని కింద ఎర్రసిరాతో ఆ వాక్యం, అబద్ధమని. దాని కింద రసీదు.

ఇదా. ఇంత చిన్న కాగితమా. రంగు పోయిన పచ్చకాగితం, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, తేదీ ఆయన పోవడానికి కొన్ని నెలల ముందుది. స్వయంగా హాజరై పుచ్చుకొనబడినది. ముద్ర నా ఎదుట వేయబడినది, అని గుమాస్తా సంతకం, ఎర్రసిరా వాక్యం కింద ఉన్న సంతకమే, అదే వంకర తోక. స్వయంగా హాజరై అట. మంచం దిగని మనిషి. ఇది చాలదు, ఇది మా మాటకూ వాళ్ళ మాటకూ మధ్య పేచీ మాత్రమే, సంతకం దాటి ఇంకా కుడివైపుకు, అక్కడ అచ్చు గడి, ఎడమచేతి బొటనవేలి ముద్ర అని అచ్చు వేసిన గడి, ఆ గడి నిండా, గీత గీతా విడిగా కనిపించేటంత చక్కగా, సుడి తిరిగిన ఒక బొటనవేలి ముద్ర.

అత్తయ్య వంగింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు కాగితానికి తగిలేంతగా వంగి చూసింది. ఆవిడ చదవలేదు, చూసింది. తర్వాత నిటారుగా లేచి, నా వైపు తిరిగి, చిన్నపిల్లలా నవ్వింది.

"ఒసే పిల్లా. నాన్న పదో వేలు యుద్ధం నుంచి తిరిగొచ్చిందే. ఇంటికి రాకుండా తిన్నగా ఇక్కడికొచ్చింది, పింఛను కోసం!"

నవ్వాను. ఆ గదిలో, ఫైళ్ళ ముందు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వాను, ఆవిడా నవ్వింది, కర్ర టకటకమని నేలను కొట్టుకుంది. మగవాళ్ళయితే ఎడమ బొటనవేలు, అది నిబంధన. ఆ దొంగ గుమాస్తా నిబంధన తప్పలేదు! దొంగతనంలో కూడా గడి ఏది అడిగితే ఆ వేలే వేశాడు, అంత క్రమశిక్షణ! ఆ ఏడాదే బదిలీ మీద వచ్చాడు, తాతయ్య మొహమే ఎరగడు, చెయ్యేం ఎరుగుతాడు. మా ఇంట్లో అందరికీ చెయ్యి తెలుసు, కాగితం తెలీదు. వీళ్ళకు కాగితం తెలుసు, చెయ్యి తెలీదు. ఇన్నేళ్ళూ ఆ రెండూ ఒక్కచోట కలవలేదు. ఎవరైనా ఆ రోజున ఈ కాగితాన్ని నాయనమ్మ చెయ్యి పట్టుకున్న ఆ ఎనిమిదేళ్ళ పిల్లకు చూపించి ఉంటే అప్పుడే చెప్పేది, వేళ్ళు లెక్కపెట్టి చెప్పేది.

అధికారికి నవ్వు అర్థం కాలేదు. మెడికల్ బోర్డు కాగితం ఆయన ముందు పెట్టాను. చదివాడు. కుర్చీలో ముందుకు జరిగాడు. మళ్ళీ వెనక్కి వాలాడు. అలా వెనక్కి వాలడం నాకు తెలుసు, జడ్జీలు వాయిదా వెయ్యబోయే ముందు అలాగే వాలుతారు.

"మేడమ్, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒక చిక్కుంది. ఎడమ వేలు లేదు గనుక కుడి వేలు వేయించి ఉండొచ్చు కదా? గడి మీద అచ్చు ఉంది, దాన్ని కొట్టేసి రాయడం గుమాస్తా మరిచిపోయి ఉండొచ్చు. రోజుకు వందల ముద్రలు. ఇది పొరపాటు కావచ్చు, మోసం అని నేను రాయలేను."

న్యాయమైన అభ్యంతరమే. అదే నా ఒళ్ళు మండించింది. ఆయన చోట నేనున్నా అదే అడిగేదాన్ని. అత్తయ్య నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దింపడం మరిచిపోయిన తెరలా. ఆవిడ నా వైపు చూస్తోంది. తల ఖాళీ అయిపోయింది, చెవుల్లో ముద్రల చప్పుడు, మెత్తగా, గట్టిగా, ఇంత దూరం వచ్చి కావచ్చు అనే ఒక్క మాట దగ్గర కూలబడతామా, ఖాళీ గడులు చదవండి, ముందు ఖాళీ గడులు, ఏ ఖాళీ గడి, డిశ్చార్జి కాగితం మీద ఒక ఖాళీ గడి ఉంది, ఇప్పుడే ఆయన బోర్లా తిప్పి పక్కన పెట్టాడు, నా సంచీలోనూ దాని నకలు ఉంది, ఎడమ బొటనవేలి గడి, అందులో ఏమీ లేదు, పక్కనే మార్జిన్లో, ఎడమది లేదు, కుడిది తీసుకోబడినది, అని రాసిన మంచి గుమాస్తా ఎవరో గానీ నీ చేతికి దండం, ఆ మార్జిన్లో తాతయ్య కుడి బొటనవేలు ఉంది, ఆ ముద్రకు అడ్డంగా ఒక తెల్లగీత, మొదటిసారి చూసినప్పుడు కాగితం మడత అనుకున్నాను, మడత కాదు, ఒకటి రెండు గుర్తులు, పుట్టుమచ్చ, కాలిన మచ్చ, ఇంకా, ఇంకా ఏమిటి, చివరి గడిలో మూడో పంక్తి, సంచీలోంచి భర్తీ కాగితం రావడం లేదు, వచ్చింది.

"చదవండి. గుర్తింపు చిహ్నాలు. మూడోది. పైకి చదవండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "కుడి బొటనవేలి మీద... అడ్డంగా... లోతైన కోత గాటు."

"డబ్బా మూత," అంది అత్తయ్య వెంటనే. "చిన్నప్పుడు రేకు డబ్బా మూత కోసుకుంది. చెంప మీద చెయ్యేస్తే గీసుకునేది మాకు."

"ఇప్పుడు ఆ డిశ్చార్జి కాగితం తిప్పండి. మార్జిన్లో కుడి వేలు చూడండి. గీత ఉందా?"

"ఉంది."

"రసీదు మీద?"

సొరుగులోంచి భూతద్దం తీశాడు. దీపం దగ్గరికి లాక్కున్నాడు. రసీదు మీద పెట్టాడు, డిశ్చార్జి కాగితం మీద పెట్టాడు, మళ్ళీ రసీదు మీద. కావాలనే నేనేమీ అనలేదు. సాక్షి నోట రావలసిన మాట మనం అందించకూడదు.

"లేదు," అన్నాడు చివరికి. "ముద్ర శుభ్రంగా ఉందమ్మా. ఎక్కడా గాటు లేదు."

"ఎడమ వేలు లేదు. కుడి వేలు ఇది కాదు. మా తాతకు మూడో బొటనవేలు లేదు. నా ఎదుట వేయబడినది అని సంతకం పెట్టిన మనిషి ఎదుట ఎవరి వేలుంది?"

ఆయన భూతద్దం పక్కన పెట్టి, రసీదు మీది వంకర తోక సంతకాన్నీ, నాయనమ్మ దరఖాస్తు మీది వంకర తోక సంతకాన్నీ పక్కపక్కన జరిపి, రెండింటినీ చాలాసేపు చూశాడు. ఆ మొహంలో రంగు మారడం చూశాను. ఆ మనిషి పోయి ఎన్నేళ్ళయిందో, అతని పిల్లలు ఎక్కడున్నారో, వాళ్ళను వెతికి పట్టుకోవాలని నాకు లేదు, అదేమిటో ఇప్పుడే తెలిసింది, వాళ్ళ మీద కోపం వెతుక్కుంటే దొరకలేదు, ఒంట్లో చోటంతా సంతోషమే ఆక్రమించింది. అధికారి కలం తీశాడు. రాశాడు. కొట్టేసి మళ్ళీ రాశాడు. రావలసిన పాత బకాయిల సంగతి వేరే ఉత్తర్వులో తేలుస్తామని ఏదో అనబోయాడు.

"అది తర్వాత నాయనా," అంది అత్తయ్య. "ముందు చదువు."

"చదువుతానమ్మా. సదరు రసీదు..."

"ఇక్కడ కాదు. అక్కడ." కర్ర ఎత్తి తలుపులోంచి హాల్లోకి, మూల కిటికీ వైపు చూపించింది. "మా అమ్మను అక్కడ నిలబెట్టి చదివారు."

ఆయన అలాంటి పద్ధతి లేదనబోతున్నాడని నాకు తెలుసు, నా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది, కోర్టు భాషలో, మూడు భాగాలుగా, దాని అవసరం రాలేదు. ఆయన ఆవిడ కాళ్ళ వైపు చూశాడు, వాచి చెప్పుల పట్టీలు కోస్తున్న ఆ కాళ్ళ వైపు. లేచాడు. కాగితం పట్టుకుని హాల్లోకి నడిచాడు. మేము వెనకాల. మూల కిటికీ దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, ముద్రలు కొట్టే వాళ్ళను చేత్తో ఆపాడు. చప్పుడు ఆగింది. పొద్దుటినుంచీ మొదటిసారి ఆ హాలు హాలులా వినిపించింది.

"సదరు రసీదు మీది వేలిముద్ర పింఛనుదారుడిది కాదని, ఆయన పింఛను సొమ్ము పుచ్చుకోలేదని..."

"గట్టిగా నాయనా. నాకు వినపడదు."

పక్కింట్లో చెంచా కింద పడినా వినపడే మనిషి. నేను కిక్కురుమనలేదు. ఆయన గొంతు పెంచాడు.

"...పుచ్చుకోలేదని విచారణలో రుజువైనది. ఆయన భార్య ఈ కార్యాలయానికి చెప్పినదంతా నిజం. ఆమె మాట అబద్ధమని రాసినది రద్దు చేయబడినది. ఆమెను ఈ హాలులో అవమానించినందుకు ఈ కార్యాలయం తన తప్పు ఒప్పుకుంటున్నది."

చివరి వాక్యం ఉత్తర్వు కాగితం మీద లేదు. నేను చూశాను కదా, లేదు. అది ఆయన నిలబడి చెప్పినది. బల్ల పక్కన తెల్లటి ముసుగు, సుద్దపొడి. వరస చివరినుంచి ఊతకర్రల ముసలాయన ఒకడు, "ఏమిటట? మాకు వినపళ్ళేదు, ఇంకోసారి చదవమనండి" అని కేకేశాడు. ఇంకెవరో, "ఔను, మళ్ళీ చదవండి" అన్నారు. ఆయన మళ్ళీ చదివాడు, మొదటినుంచి, ఇంకా గట్టిగా, ఈసారి చివరి వాక్యం కూడా కాగితం మీద ఉన్నట్టే చదివాడు. నిజం అనే మాట దగ్గర అత్తయ్య కళ్ళు మూసుకుంది. ఎవరూ నవ్వలేదు. నేనొక్కదాన్నే నవ్వుతున్నాను, ఏడుస్తూ, సిగ్గులేకుండా, ఆ వరస అంతా చూస్తూ ఉండగా.

చదవడం అయ్యాక ఆయన కాగితం మడిచి అత్తయ్య చేతికిచ్చి, వెళ్ళి ఆ ఖాళీ కుర్చీని తనే మోసుకొచ్చి కిటికీ ముందు వేశాడు. ఆవిడ దాని వైపు చూసింది. అరచేత్తో ఒకసారి తుడిచింది. కర్ర నా చేతికిచ్చి, నెమ్మదిగా, నడుము పట్టుకుని కూర్చుంది. మొత్తం కుర్చీలో కూర్చోలేదు. ఒక పక్కకు ఒదిగి, సగం వదిలి, ఆ సగం మీద చెయ్యి వేసి కూర్చుంది, పక్కన ఇంకెవరో కూర్చోవాలన్నట్టు, కూర్చున్నారన్నట్టు.

"ఇంకేమైనా మిగిలిందా అమ్మా?" అని అడిగాడు ఆయన. ఇంకా నిలబడే ఉన్నాడు.

అత్తయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తలవంచి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది. పెదాలు కదిలాయి. తొమ్మిది దగ్గర ఆగలేదు.

"లేదు నాయనా," అంది. "చెల్లు."